తడి లేని అంచు

బండి కింద దూరి, వెల్లకిలా పడుకుని, ఒక చుక్క రాలడం కోసం కాచుకోవడంలో ఎంత సుఖముందో తెలిసినవాళ్లు తక్కువ. రేకు అంచు పొడవునా పరుచుకున్న తడి మెల్లమెల్లగా ఒకచోటికి చేరుతుంది. చేరి నిండుతుంది. నిండి సాగుతుంది. కింద బరువెక్కి, పైన నడుము సన్నబడి, ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టు ఊగుతుంది. పక్కనుంచి దూరిన ఎండ రవ్వంత తగిలిందా, లోపలి ఎరుపు భగ్గున వెలుగుతుంది! ఎంత నిండైన ఎరుపు, ఎంత తేటైన ఎరుపు! చూస్తుండగానే తెగి, కింద పరిచిన అట్టముక్క మీద టప్పున పడి, నాలుగు వైపులకూ పాకి, లేత గులాబి మరకగా మిగులుతుంది. ఆటోమేటిక్ గేరుబాక్సులో తిరిగే నూనె అది. బండి ఓనరుకు దిగులు పుట్టించే ఆ చుక్క దగ్గర రసికుడు ఇంకో నిమిషం ఆగుతాడు. మీరూ ఆగండి, తొందరేం లేదు.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నడిగడ్డలోనూ, కృష్ణకు ఇవతల వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లోనూ ఈ ఎరుపు ఇంకా అరుదుగా దొరికే దర్శనమే. ఇక్కడి లారీలు దాదాపు అన్నీ చేత్తో గేరు వేసేవే. వాటి గేరుబాక్సుల్లో ఉండేది తొంభై నంబరు నూనె: చిక్కనిది, బరువైనది, గంధకపు ఘాటుతో ముక్కును పట్టేసేది. కొత్తకోట నుంచి పెబ్బేరు, బీచుపల్లి వంతెన దాటి ఎర్రవల్లి చౌరస్తా, అక్కణ్నుంచి అలంపూర్ చౌరస్తా దాకా 44వ నంబరు జాతీయ రహదారి పక్కన షెడ్లు ఆ వాసనలోనే తెల్లవారతాయి. వడ్ల బస్తాలు, పల్లీ మూటలు, పత్తి బోరాలు మోసే బండ్లకు వైద్యం చేసి చేసి చేతులు పండిన ఉస్తాదులు అక్కడ ఉన్నారు. ఇప్పుడిప్పుడే వాళ్ల గుంతల మీదికి క్లచ్చు పెడల్ లేని బండ్లు వచ్చి నిలబడుతున్నాయి. 2016లో శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం మొదలైంది. తెలుగునేల మీదే తయారవుతున్న ఆ పికప్పుల్లో కొన్నింటికి గేరుబాక్సు ఆటోమేటిక్. వేరే కంపెనీల పికప్పుల్లోనూ, పెద్ద ట్రక్కుల్లోనూ అలాంటివి కొన్ని ఉన్నాయి. తొంభై నంబరు నూనెకు అలవాటుపడ్డ మొరటు చేయి ఈ పల్చని ఎర్ర నూనెను ఎలా అందుకుంటుంది? ఆ కలయిక చూడాలనే నేను ఈ షెడ్ల చుట్టూ తిరుగుతాను.

మామూలు గేరుబాక్సులో నూనె పళ్లను తడిపి ఊరుకుంటుంది. ఆటోమేటిక్‌లో ఇంజను బలాన్ని మోసుకెళ్లేదే నూనె. టార్కు కన్వర్టరులో ఒకవైపు రెక్కలు తిరిగి నూనెను విసురుతాయి, ఆ విసురుకు ఎదుటి రెక్కలు తిరుగుతాయి, ఇనుముకు ఇనుము తగలకుండానే అంత బండీ కదిలిపోతుంది! అదే నూనె సన్నని దారుల్లో దూరి, వాల్వులను నెట్టి, లోపలి క్లచ్చులను బిగించి, వదిలి, గేరు మారుస్తుంది. అదే నూనె లోపలి వేడిని మోసుకెళ్లి కూలరులో దింపి వస్తుంది. ఇంత పని చేసే ద్రవం ఇంత అందంగా ఉండనక్కర్లేదు, కానీ ఉంది. కారితే ఇట్టే పోల్చుకోవడానికి కలిపిన రంగే అయినా, ఆ రంగుకు కన్ను మరిగితే మానలేం. 1940 మోడలు ఓల్డ్‌స్మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ గేరుబాక్సు వచ్చిన నాటినుంచి ఈ నూనె ఎన్నో రూపాలు మార్చుకుంది. 1970ల మొదటిదాకా అందులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారంటే నమ్ముతారా! మహాసముద్రపు అడుగుల్లో ఈదిన జీవి నూనె, ఎక్కడో ఎండిన నేల మీద ఒక గేరును కుదుపు లేకుండా మార్చేది. తిమింగలాలను కాపాడే చట్టాలు వచ్చాక ఆ పనిని రసాయనాలు అందుకున్నాయి.

ఈ నూనె దిగి నిలిచేది గేరుబాక్సు అడుగున, లోతు తక్కువ తొట్టిలో. మన షెడ్లలో ఛాంబరు అంటారు. పైన అల్యూమినియం పెట్టె, కింద ఇనుప రేకు, నడుమ పలచని ప్యాకింగు, చుట్టూ చిన్న చిన్న బోల్టులు పదిహేనో ఇరవయ్యో. కారేది ఆ అంచునే. లేదా ఆ అంచున కారుతున్నట్టు కనబడేది.

ఆ 'కనబడేది' దగ్గరే మంచి చేయీ మామూలు చేయీ వేరుపడతాయి. కిందికి జారడం, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకడం నూనె స్వభావం. పైన కూలరు పైపు మూతి దగ్గర కారినా, గేరు లివరు ఇరుసు సీలు దగ్గర కారినా, చివరికి ఛాంబరు అంచుకే చేరి చుక్కలు కడుతుంది. ఆ తడి మీద మా దుమ్ము పడుతుంది. నల్లరేగడి ఒక పొర, ఎర్రమట్టి ఒక పొర, మళ్లీ నల్లరేగడి. తొందరపడే మనిషి ఆ మడ్డిని చూడగానే ప్యాకింగు పోయిందని తేల్చేస్తాడు. ఉస్తాదు తేల్చడు. ముందు డీజిలూ బ్రష్షూ, తర్వాత కంప్రెసరు గాలి, ఆ తర్వాత పొడి గుడ్డ. ఎన్నాళ్ల మడ్డి కిందినుంచో లోహం వెండిరంగున తేలుతుంది. అప్పుడు సుద్దపొడి పిడికిట పట్టి, అంచు మీద, పెట్టె మీద, పైపు మూతుల మీద పలచగా చల్లుతాడు. ఇంజను స్టార్టు చేసి, నూనె వేడెక్కేదాకా ఏమీ చేయకుండా కూర్చుంటాడు.

ఇదిగో, ఇక్కడ రెప్ప వేయకండి! ఆ తెలుపులో ఎక్కడో ఒకచోట సూదిమొనంత మచ్చ పుడుతుంది. పుట్టి, తడిసి, ఎరుపెక్కి, కిందికి ఒక గీత గీస్తుంది. ఇన్నాళ్లూ మడ్డి చాటున దాగినది తనంతట తాను బయటపడే ఘడియ! తెల్లని పొడి మీద ఒకే ఒక ఎర్రని గీత, వంకర లేదు, తొణుకు లేదు, ఎక్కడ పుట్టిందో అక్కడినుంచే మొదలు! ఉస్తాదు దాన్ని ఒక్కసారి చూసి, "ఈడికెల్లి ఒస్తున్నది" అని వేలు పెట్టి చూపించి, ఇంజను ఆపమంటాడు.

పెబ్బేరుకు కాస్త దూరంలో, రోడ్డు వారనున్న ఒక షెడ్డులో నేను కళ్లారా చూసిన పని ఇది. బండి ఒక కంట్రాక్టరుది, పెద్ద పికప్పు. అచ్చంపేట మీదుగా మన్ననూరు దాటి, నల్లమల గుండా శ్రీశైలం ఘాటు దిగి ఎక్కే బండి. ఆటోమేటిక్ గేరుబాక్సుకు అంతకన్నా కఠినమైన పరీక్ష ఈ చుట్టుపక్కల లేదు. ఎక్కేటప్పుడు కన్వర్టరులో నూనె మరిగిపోతుంది, దిగేటప్పుడు చల్లబడుతుంది, ఆ వేడికీ చలువకూ అంచు దగ్గర లోహాలు సాగుతూ ముడుచుకుంటూ ఉంటాయి. అల్యూమినియం వేడికి ఇనుముకన్నా రెండింతలు సాగుతుంది. అంటే పైన పెట్టెకు ఒక సాగు, కింద రేకుకు ఒక సాగు. నడుమనున్న ప్యాకింగు రెంటికీ సర్దుకుపోవాలి. ఏళ్ల తరబడి వేడికి అది గట్టిపడి సర్దుకోలేకపోయింది. కారడం మొదలైంది. అంతకుముందు ఎక్కడో ఎవరో, కారుతున్నది కదా అని, బోల్టులన్నిటినీ బలంకొద్దీ బిగించారు. కారడం పెరిగింది.

విప్పడం చూడాలి మీరు! ఉస్తాదు బోల్టులన్నీ ఒక్కసారిగా తీసేయడు. ముందువైపు బోల్టులను పట్టుగానే ఉంచి, వెనకవైపు వాటిని ఒక్కొక్కటే వదులు చేస్తూ, వెనక మూలను కిందికి జారనిస్తాడు. రేకు వెంటనే రాదు, పాత ప్యాకింగు పట్టుకుని ఉంటుంది. రబ్బరు సుత్తితో పక్కనుంచి రెండు దెబ్బలు. పట్టు విడిచిన అంచు పెదవి తెరుస్తుంది, ఆ పెదవినుంచి నూనె ఒకే ధారగా టబ్బులోకి దిగుతుంది. తెగదు, చిందదు, చప్పుడు చేయదు. కొత్త నూనెలోని తేట ఎరుపు అందులో లేదు. పనిచేసి పనిచేసి ముదిరిన ఎరుపు, ఇటికె అంచుకు చేరిన ఎరుపు. దాంట్లో వేలు ముంచి ఉస్తాదు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడు వాసన వస్తే లోపలి క్లచ్చులు కాలినట్టు. రాలేదు. ఆయన మొహంలో వచ్చిన నెమ్మది నా మొహంలోకీ వచ్చింది.

ఛాంబరు దించి తిరగేస్తే అడుగున గుండ్రని అయస్కాంతం. దానిమీద బూడిదరంగు నూగు, ఒత్తుగా, కుదురుగా. ఇనుప పళ్లు ఒకదాన్నొకటి రాసుకున్న ప్రతి మలుపూ, ప్రతి ఘాటూ ఆ నూగులో ఉంది. పక్కనున్న పోరడు దాన్ని తుడిచేయబోతే ఉస్తాదు ఆపి, చిటికెడు తీసి రెండు వేళ్ల నడుమ రుద్దాడు. గరుకు తగిలితే ఎక్కడో పన్ను చిట్లుతున్నదని లెక్క. ఆ నూగు వేళ్ల నడుమ మెత్తగా అరిగి, చర్మం గీతల్లోకి దిగిపోయింది. ఎంత ఒద్దికైన అరుగుదల! ఇన్ని వేల కిలోమీటర్ల పోరాటం, చివరికి మిగిలింది చిటికెడు మెత్తని మసి! "మంచిగుంది లోపల" అన్నాడాయన. అప్పుడు తుడవనిచ్చాడు.

ఆ పోరడు వనపర్తి రాజుల ప్యాలెస్‌లో నడిచే ప్రభుత్వ పాలిటెక్నిక్కులో మెకానికల్ డిప్లొమా చదివి వచ్చినవాడు. కమానుల కింద, ఎత్తైన కప్పుల కింద యంత్రాల బొమ్మలు గీసిన చేయి. కొత్త చేతికి తొందరుంటుంది. పాత ప్యాకింగు పెంకులు అల్యూమినియం అంచుకు అతుక్కుని ఉంటే ఇనుప బద్దతో గోకబోయాడు. ఉస్తాదు దాన్ని లాగేసుకుని ప్లాస్టిక్ బద్ద చేతికిచ్చాడు. అల్యూమినియం మెత్తన, ఇనుముతో గోకితే గీత పడుతుంది, పడిన ప్రతి గీతా రేపు నూనెకు బాట. అందుకని పెంకు పెంకుగా, గోటితో తీసినంత నెమ్మదిగా, మధ్యమధ్య తడి గుడ్డతో నానబెట్టి తీశారు. పని ముగిశాక ఉస్తాదు కళ్లు మూసుకుని ఆ అంచు చుట్టూ వేలు తిప్పాడు. కంటికన్నా వేలికే ఎక్కువ తెలుసునని ఆయన నమ్మకం. నాకూ తిప్పి చూడబుద్ధేసింది, అడిగి తిప్పాను. చల్లగా, నున్నగా, ఎక్కడా తట్టకుండా తిరిగి మొదటి చోటికే వచ్చింది నా వేలు. ఏ వీణ దండి మీద చేయి ఆనించినా ఇంత హాయి కలగలేదు!

తర్వాత రేకు సంగతి. బలంగా బిగించినందుకు ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ రేకు పైకి ఉబ్బి, రెండు బోల్టుల నడుమ కిందికి వంగిపోయింది. అంటే ఎక్కడ నొక్కారో అక్కడ మాత్రమే అంటుకుని, తక్కిన చోటంతా సందు ఇచ్చింది. అంచు మీద ఇనుప స్కేలు నిలబెట్టి, ఉస్తాదు దాన్ని వాకిలి వెలుగుకు పట్టి చూశాడు. స్కేలు కింద సన్నని వెలుగు, అలలు అలలుగా. రంధ్రం దగ్గర చీకటి, నడుమ వెలుగు, మళ్లీ చీకటి. అప్పుడు అంచును చదునైన కర్రమొద్దు మీద ఆనించి, చిన్న సుత్తితో ఉబ్బు మీద కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టడమన్నది పెద్ద మాట. సుత్తి బరువుతో సుత్తి దిగుతున్నది, అంతే. రెండు తట్లు, స్కేలు, వెలుగు. ఇంకో తట్టు, స్కేలు, ఇంకాస్త సన్నబడ్డ వెలుగు. ఒక్కో రంధ్రం దగ్గర ఆ వెలుగు దారమై, పోగై, ఇక లేకుండా పోయింది! చివరి మూల దగ్గర స్కేలు ఆనించినప్పుడు దాని కిందంతా ఒకటే నలుపు, నిండుగా, నిరంతరంగా. రేకు తన సమతలాన్ని తిరిగి తెచ్చుకున్నది. పోరడు ఊపిరి వదిలాడు. నేనూ వదిలాను.

కొత్త ప్యాకింగూ ఫిల్టరూ హైదరాబాదు నుంచి ఆర్టీసీ కార్గోలో వచ్చాయి, పొట్లం కట్టి. అందులో కళ ఏముందనిపిస్తుంది. నిజమే, కొన్న ప్యాకింగుకు చూడ్డానికేమీ ఉండదు. కానీ అదే షెడ్డులో అదే రోజు ఒక లారీ గేరుబాక్సు మూతకు ప్యాకింగు కోయడం చూశాను, దాన్ని చెప్పకుండా ముందుకు పోలేను. ప్యాకింగు షీటును మూత అంచు మీద పరిచి, ఎడమచేత్తో కదలకుండా అదిమి, కుడిచేతి సుత్తి గుండు వైపుతో అంచు వెంబడి తట్టుకుంటూ పోవడమే. కత్తెర లేదు, కొలత లేదు, గీత లేదు. కింద లోహపు అంచు, పైన సుత్తి, నడుమ నలిగి షీటు తెగుతుంది. సుత్తి ఎటు పోతే గీత అటు పుడుతుంది. వంపు దగ్గర దెబ్బ చిన్నది, సూటి దగ్గర పెద్దది. టకటక, టకటక, వంపు వచ్చిందని చెవికే తెలుస్తుంది! బోల్టు రంధ్రాల మీద చిన్న బేరింగు గుండు పెట్టి ఒక్క దెబ్బ వేస్తే, నాణెం నాణెంగా రాలిపోతాయి ముక్కలు. అయిపోయాక పైకెత్తితే ఆ మూత రూపమంతా గాలిలో వేలాడింది, అంచులు తీరిగ్గా, రంధ్రాలు చోటుకు చోటు. దుకాణంలో దొరికే ఏ ప్యాకింగుకూ ఆ పుట్టుక లేదు.

ఈ నేలకు అతకడం పాత విద్య. అలంపురంలో ఏడో శతాబ్దపు బాదామి చాళుక్యుల ఆలయాలు చూడండి, సున్నం లేకుండా రాతి మీద రాయి కూర్చున్న తీరు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, అలంపురం తెచ్చి, మళ్లీ రాయి రాయిగా నిలిపారు, నిలిచింది. ఇక గద్వాల చీర. ఒళ్లు నూలు, అంచు పట్టు. నూలు గుణం ఒకటి, పట్టు గుణం ఒకటి. తడిస్తే ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా నడుచుకుంటుంది. ఆ రెంటినీ కుట్టి కలపరు. మగ్గం మీదే, ప్రతి పేకకూ, నూలు పోగునూ పట్టు పోగునూ ఒకదాన్నొకటి పెనవేసి కుప్పడం నేస్తారు. అలా నేసిన అంచు దగ్గర వేలు పెట్టి చూస్తే నూలు ఎక్కడ ఆగిందో పట్టు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది, సందు మాత్రం దొరకదు. అల్యూమినియాన్నీ ఇనుమునూ కలిపే ఆ షెడ్డులోని చేతులు చేసినది అదే నేత. పోగు బిగువైతే బట్ట ముడత, వదులైతే బట్ట కంత. ఆ నడుమనున్న సమం దొరికిన చోటే అందం.

సిలికాన్ పేస్టు గురించి ఒక మాట చెప్పి తీరాలి, ఎందుకంటే దానిమీద నాకు కోపం. ట్యూబు నొక్కితే వస్తుంది, ఎక్కడ పడితే అక్కడ అంటుతుంది, అందుకని ఎక్కడ పడితే అక్కడ పూస్తారు. పుష్కలంగా పూస్తే భద్రమని అనుకుంటారు. బోల్టు బిగించగానే ఎక్కువైంది బయటికి ఉబ్బుతుంది, అది కంటికి అసహ్యం. లోపలికీ ఉబ్బుతుంది, అది బండికి అపాయం. లోపలి ముక్క ఒకనాడు ఊడి నూనెలో పడి ఫిల్టరు మూతికి అడ్డం వేసుకుంటుంది. పైగా అది ఆరాలంటే గాలిలోని తేమ తాగుతూ ఒక పూటో ఒక రోజో పడుతుంది. పేస్టుతోనే అతకమని కంపెనీ చెప్పిన గేరుబాక్సులూ ఉన్నాయి, అక్కడ సన్నని ఒకే తీగగా, రంధ్రాలకు లోపలివైపు నుంచి, చేయి ఎత్తకుండా గీయగలిగినవాడి పని వేరు, దానికి నమస్కారం. ప్యాకింగు ఉన్నచోట పేస్టు మెత్తడం మాత్రం రుచి తెలియని పని. మా ఉస్తాదు ట్యూబు వైపు చూడనైనా లేదు. అంచులు రెండూ పొడిగా తుడిచి, ప్యాకింగు పొడిగా పెట్టి, బోల్టులన్నీ ముందు వేళ్లతో ఎక్కించమన్నాడు.

వేళ్లతో! పానా ముట్టుకోకుండా! ప్రతి బోల్టూ తన మరలో తానే దిగుతున్నదో అడ్డం పడుతున్నదో వేలికి తెలియాలని. అడ్డం పడినదాన్ని పానాతో తిప్పితే అల్యూమినియం మర చిట్లిపోతుంది, ఆపైన అది ఛాంబరు పని కాదు, పెట్టె పని. అన్నీ దిగాక పోరడు పానా అందుకుని మొదటి బోల్టు మీద చేయి బిగించాడు.

"గట్టిగ బిగిస్తే ఇంక కారదు గద, ఉస్తాద్?"

"గట్టిగ బిగిస్తెనేరా కారింది. ఇంతకుముందు బిగిచ్చినోడు గట్టిగనే బిగిచ్చిండు. నువ్వు అన్నిటికి సమానంగ ముట్టియ్యి, సాలు."

ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లు పులకరించింది! ఈ మనిషి చేతులు ఎలాంటివో తెలుసు. లారీ చక్రం నట్టు బిగించాలంటే అరవై కిలోల బరువును మీటరు కాడ చివర వేలాడదీసినంత బలం కావాలి. ఆ చేతులు రోజూ చేసే పని అది. ఛాంబరు బోల్టుకు కావలసింది అదే కాడ చివర ఒక్క కిలో. అరవై చేయగలిగిన చేయి ఒకటి దగ్గర ఆగాలి! ఆగి, ఆ ఒకటిని అన్ని బోల్టులకూ అదే ఒకటిగా పంచాలి. బలం ఉన్నవాడు బలాన్ని ఆపుకుంటే పుట్టే నెమ్మది ఎంత మధురమో, ఆ మణికట్టు చూస్తే తెలుస్తుంది. టార్కు పానా గూట్లోంచి తీసి, గుడ్డతో తుడిచి, అంకె సరిచూసి, నడుమ బోల్టుతో మొదలుపెట్టాడు. తర్వాత దాని ఎదురుది. తర్వాత దాని పక్కది, మళ్లీ దాని ఎదురుది. నడుమనుంచి కొసలకు, కొసలనుంచి మూలలకు. మొదటి చుట్టు సగం, రెండో చుట్టు ముప్పాతిక, మూడో చుట్టుకు 'టిక్'. ప్రతి బోల్టు దగ్గరా అదే 'టిక్', అదే ఎత్తు, అదే ఎడం. ప్యాకింగు అంచు చుట్టూ వెంట్రుకవాసి ఉబ్బి నిలిచింది, ఎక్కడా ఎక్కువ లేదు, ఎక్కడా తక్కువ లేదు. ఛాంబరు కిందినుంచి చూస్తుంటే ఆ సన్నని నల్లని గీత నాలుగు మూలలూ చుట్టి తనలో తాను కలిసిపోయింది. ఆహా, ఎంత తీరైన గీత! చూసినకొద్దీ చూడబుద్ధేసే గీత!

కొత్త నూనె పోయడం పండుగే. డబ్బా మూత తీస్తే మొదట వాసన, ఘాటు లేని తేలిక వాసన, తొంభై నంబరు నూనెకు పూర్తిగా పరాయిది. గరాటు గుండా ఎర్రని ధార మెలికలు పడుతూ దిగింది. గాజుకన్నా తేటగా, పగటి వెలుగును లోపల దాచుకుంటూ. తీసినంత కొలిచి పోశాడు. ఇంజను స్టార్టు చేసి, బ్రేకు మీద కాలు ఉంచి, లివరును ఒక్కో గేరులోకీ ఒక్కో క్షణం తీసుకెళ్లి తెమ్మన్నాడు పోరణ్ని, లోపలి దారులన్నిటినీ నూనె చేరుకోవాలని. చేరుకున్నకొద్దీ మట్టం పడుతుంది. ఈ నూనె మట్టాన్ని చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అబద్ధం చెబుతుంది. వేడెక్కితే సాగి పైకి లేస్తుంది. బండి చదునుగా నిలిచి, ఇంజను తిరుగుతూ, నూనె తన వేడికి వచ్చాకే కొలవాలి. కొలిచాడు. గరిటెడు తక్కువైంది, పోశాడు.

అప్పుడు మళ్లీ సుద్దపొడి తీశాడు.

నేను గుంతలోకి దిగిపోయాను, ఆగలేక. అంచంతా తెలుపు. పైన ఇంజను ఒక్క శ్రుతిలో తిరుగుతున్నది, గేరుబాక్సు లోపల పంపు సన్నగా పాడుతున్నది, ఛాంబరు రేకు వేడెక్కింది. తెలుపు అలాగే ఉంది. బండిని రోడ్డెక్కించి, పెబ్బేరు దాకా పోయి తిరిగి తెచ్చి, మళ్లీ గుంత మీద నిలిపారు. గాలికి పొడి కొంత రాలింది. మిగిలిన ప్రతి రేణువూ పొడిగా, తెల్లగా, ఎక్కడ చల్లింది అక్కడే! ఎరుపు జాడ లేదు, తడి జాడ లేదు! ఇంత చేసిన పనికి కంటికి కనబడే ఫలం ఏమీ లేకపోవడమే ఫలం! లోపల అంత నూనె మరుగుతూ, తోస్తూ, దారి వెతుకుతూ ఉంటే, ఆ నల్లని సన్నని గీత దాటి ఒక్క చెమ్మ కూడా బయటికి రాలేదు. అంచుమీద చూపుడువేలు ఈ కొసనుంచి ఆ కొసకు నడిపాను. వేలికి సుద్ద అంటింది, ఇంకేమీ అంటలేదు.

ఓనరు అప్పటికే టైము చూసుకుంటున్నాడు. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే దారి రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, తెల్లవారి ఆరింటికి గాని తెరవరు. పేస్టు పూసి ఉంటే ఆ రాత్రికి బండి షెడ్డులోనే ఉండేది.

"అన్నా, ఘాటు దిగొచ్చినంక ఒకపాలి తీస్కరా" అన్నాడు ఉస్తాదు చేతులు కడుక్కుంటూ.

"మల్ల బిగిస్తవా?"

"బిగియ్య. చూస్త."

బండి వెళ్లిపోయింది. గుంత మీదికి వడ్ల లారీ వచ్చి నిలబడింది, వెనక చక్రం విప్పాలట. ఉస్తాదు చక్రం పానా నట్టుకు తగిలించి, దాని కాడకు తన నిలువెత్తు ఇనుప పైపు తొడిగి, దానిమీద రెండు కాళ్లతో ఎక్కి నిలబడ్డాడు. ఇందాకటి ఆ మణికట్టు, ఇప్పుడు ఈ ఒళ్లంతా! పైపు వంగింది, ఊగింది. నట్టు ఒక్కసారి కీచుమని కదిలింది.